ఖాళీ పెంకు చూసినది

రాళ్ళను నాకడం చదువుకున్నవాళ్ళు చేసే పనేనా అని పెళ్ళైన కొత్తలోనే నూకరత్నాన్ని అత్త పోలమ్మ అడిగేసింది. పెద్ద జాలారిపేటలో చేపలమ్మి కొడుకును డాక్టరేటు దాకా చదివించిన మనిషి, అడగడానికి మొహమాటపడే రకం కాదు.

"మా ఓడూ నాకుతాడు, నువ్వూ నాకుతావు. కూరలో ఉప్పు సాలకపోతే సెప్పండి, నానేస్తాను. ఆ రాళ్ళెందుకమ్మా?" అంది.

తడి తగిలితే రాయి రంగు ముదురుతుంది. రాయిలో రాయైపోయిన పురుగు పెంకు అప్పుడు తేలి కనిపిస్తుంది. నీళ్ళు చల్లినా కనిపిస్తుంది గానీ, మంచుకొండల్లో రోజంతా తిరిగేవాళ్ళు తాగే నీళ్ళను రాళ్ళకు పొయ్యరు. అక్కడ అబ్బిన అలవాటు విశాఖపట్నం వచ్చి ఏసీ గదిలో కూర్చున్నా పోదు. ఆమె భర్త ధనరాజుకు చివరిదాకా పోలేదు. ధనరాజు పోయాక రత్నానికీ పోలేదు.

ఆ ఉదయం కూడా ఆమె బల్ల ముందు కూర్చుని ఒక రాయిని నాలుక కొసతో తడిపి, దీపం కింద పెట్టి చూసుకుంది. అరచేతిలో పట్టేంత ట్రైలోబైటు. యాభై కోట్ల ఏళ్ళ కిందట సముద్రపు అడుగున పాకిన జీవి. ఆ సముద్రం ఎండి, అడుగు కొండై, హిమాలయాల్లోని స్పితి లోయలో ఆకాశానికి దగ్గరగా ఉంది ఇప్పుడు. దీని బొమ్మ మొదటిసారి చూసినప్పుడు పోలమ్మ, "పీతకీ రొయ్యకీ పుట్టినట్టుందే" అంది. శాస్త్రం ప్రకారం అది తప్పే గానీ ధనరాజు మురిసిపోయి, తన పాఠాల్లో చాలాసార్లు ఆ మాటే వాడుకున్నాడు.

ఈ రాయికి రత్నం పెట్టుకున్న పేరు గంటుగాడు. కుడిపక్క అంచున అర్ధచంద్రంలా ఒక గంటు ఉంది. బతికుండగా దేనికో చిక్కి, ఓ ముక్క వదులుకుని తప్పించుకున్నాడు. అంచు గుండ్రబడి మానింది కాబట్టి ఆ తర్వాత కూడా బతికాడు. వారాల తరబడి సూదిమొనతో మట్టి తీస్తూ, తడి చేసినప్పుడల్లా నాలుకకు ఆ గంటు తగులుతుంటే రత్నానికి వాడంటే ఒక మమకారం ఏర్పడింది. గదిలో ఇంకో బల్ల ఉంది, ఇంకో కుర్చీ ఉంది. వాటిని ఎవరూ కదపలేదు. మాట్లాడాలంటే ఆమెకు గంటుగాడే దిక్కు.

ధనరాజు ఏరిపెట్టిన ఆఖరి పెట్టెలో ఇది ఆఖరి రాయి. ఈ వేళ వీడి చూపు తియ్యాలి.

చూపు తియ్యడమంటే ఇది. ట్రైలోబైటు కళ్ళు మన కళ్ళలా మెత్తటివి కావు, స్ఫటికంతో కట్టినవి. బతికుండగానే రాతికళ్ళు. ఆ స్ఫటికం మీద పడిన వెలుగు దాని పొరల్లో సన్నటి గీతలు వదిలిపోతుందనీ, రాయిని బాగా చల్లబరిచి సరైన కిరణం పంపితే ఆ వెలుగును మళ్ళీ బయటికి లాగవచ్చుననీ ధనరాజు కనిపెట్టాడు. అతను కట్టిన చూపుయంత్రం ఆ గది నడుమ ఉంది. దానికో పెద్ద లోపం ఉంది. కెమేరా పెడితే చుక్కలు తప్ప ఏమీ పడవు. ఆ కంటిలోని వందల కటకాల వెలుగును ఒక చూపుగా కుట్టుకోవడం బతికున్న మెదడుకే చేతనవుతుంది. కాబట్టి ఎవరో ఒకరు రెండు గిన్నెల్లాంటి వాటికి కళ్ళు ఆనించి చూడాలి. అలా చూస్తుండగానే రాయిలోని గీతలు చెరిగిపోతాయి. ఒక రాయి, ఒక చూపు, ఒక్క మనిషి. మళ్ళీ చూద్దామంటే కుదరదు, పక్కవాళ్ళకు చూపిద్దామంటే కుదరదు.

"పక్కపక్కనే కూర్చున్నా నువ్వొక్కదానివే వెళ్ళి రావాలి రత్నం" అనేవాడు ధనరాజు. అప్పుడది సరదాగా ఉండేది. తిరిగివచ్చి చెప్పుకోవడానికి పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి.

అతను స్పితిలో పోయాడు. ఎత్తు పడక ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. మంచు కురిసి దారులు మూసుకుపోతే, శిబిరంలో ఉన్నవాళ్ళే ఏటి ఒడ్డున దహనం చేశారు. ఇటు రత్నానికీ, అటు పోలమ్మకూ చివరి చూపు దక్కలేదు. దారులు తెరుచుకున్నాక అస్థికలతోపాటు రాళ్ళపెట్టె వచ్చింది. పోలమ్మ ఆ పెట్టె మీద చెయ్యేసి చాలాసేపు కూర్చుంది.

"ఆడు రానేదు గానీ ఆడి రాళ్ళొచ్చినాయి" అంది.

పాత పెట్టెల రాళ్ళలో వెలుగూ ఇసుకా తప్ప ఏమీ కనబడేవి కావు. కొత్త పొరలోంచి తీసిన ఈ పెట్టెలో మొదటి రాయికి చూపు తీసినప్పుడే రత్నానికి తెల్లటిది ఒకటి కనిపించింది. పచ్చటి వెలుగు, ఇసుక, తర్వాత కన్నంతా అదిరిపోవడం. ఉన్నట్టుండి ముఖం కిందనుంచి తెల్లగా, మెత్తగా ఒక జీవి ముందుకు రావడం, కాసేపు ఆగి మెల్లగా వెళ్ళిపోవడం. ఆ తర్వాత కదలని ఇసుక. రెండో రాయిలోనూ అదే, మూడో రాయిలోనూ అదే. తర్వాత ఇతర దేశాల్లో ఇలాంటి యంత్రాలు పెట్టుకున్నవాళ్ళూ అదే చూశామన్నారు. పెంకు లేని వేటజీవి ఒకటి ఉండేదనీ, అది ట్రైలోబైటును కిందనుంచి తిని వెళ్ళిపోయేదనీ, మెత్తటి ఒళ్ళు గనుక రాయిగా మిగల్లేదనీ అందరూ తేల్చారు. కొత్త జీవికి పేరు పెట్టే హక్కు మొదట చూసినవాళ్ళది. తన పేరు తనే పెట్టుకోవడం ఈ శాస్త్రంలో మర్యాద కాదు, గౌరవించదలచిన వాళ్ళది పెడతారు. రత్నం దానికి ధనరాజియా అని పేరు పెట్టింది.

బీచి రోడ్డు మ్యూజియంలో ధనరాజియా బొమ్మను మంచమంత పెద్దదిగా ఫైబరుతో చేయించి నిలబెట్టారు. దాని కింద తెలుగులో ధనరాజు పేరు. పోలమ్మకు చదువు రాదు గానీ ఆ ఒక్క పేరును అక్షరాల ఆకారం పట్టి గుర్తుపడుతుంది. ప్రతి ఆదివారం కోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఓ బంతిపువ్వు పెట్టి, బొట్టు పెట్టి వచ్చేది. నుదురు ఎక్కడుందో శాస్త్రవేత్తలకే తేలని జంతువుకు ఆవిడ ఎలాగో నుదురు వెతికింది. కాపలా మనిషి మొదట్లో గొణిగాడు, ఆవిడ ఎవరో తెలిశాక కుర్చీ వెయ్యడం మొదలుపెట్టాడు.

రత్నం తలుపు గడియ పెట్టి, గంటుగాణ్ణి యంత్రంలో ఉంచి, గిన్నెలకు కళ్ళు ఆనించింది.

పచ్చటి వెలుగు పైనుంచి జారింది. ఇసుక వెనక్కి పోతోంది, అంటే గంటుగాడు నడుస్తున్నాడు. ఓ రాయి చాటుకు వెళ్ళి ఆగాడు. అదురు మొదలైంది. ఇక్కడినుంచి జరగబోయేది రత్నానికి కంఠతా వచ్చు. వీడు ఒకసారి తప్పించుకున్నవాడు, ఈసారి తప్పించుకోలేడు.

తెల్లటిది ముఖం కిందనుంచి వచ్చింది. మీగడలా ముడతలు పడిన ఒళ్ళు ఇంకా విప్పుకుంటోంది. పూర్తిగా ముందుకు వచ్చి, ఇటు వీపు పెట్టి ఆగింది. దాని కుడిపక్క అంచున అర్ధచంద్రంలా ఒక గంటు ఉంది.

రత్నం గిన్నెలకు ఇంకా గట్టిగా ఆనుకుంది. అదే గంటు. తన సూదికి తెలిసిన గంటు, తన నాలుకకు తెలిసిన గంటు. దాన్ని మరొకదానితో పొరబడే అవకాశమే లేదు. తినడానికి వచ్చింది కాదది. గంటుగాడే. బిగువైన పాత పెంకును విడిచి, కొత్త ఒంటితో బయటికి వచ్చిన గంటుగాడు. చూస్తున్నది వాడి కన్ను కాదు, వాడు వదిలేసిన పెంకు కన్ను. లోపల ఎవరూ లేని రాతికన్ను, వెళ్ళిపోతున్న తన మనిషిని చూస్తోంది.

వాడు కాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత నడిచాడు. చిన్నవాడయ్యాడు, పచ్చదనంలో కలిసిపోయాడు. మిగిలిన చూపంతా ఇసుకే. వెలుగు హెచ్చడం, తగ్గడం, మళ్ళీ హెచ్చడం. యంత్రం తనంతట తనే ఆగింది.

ట్రైలోబైటులు పెంకు విడుస్తాయని ఆమెకు తెలియక కాదు, మొదటి ఏడాది విద్యార్థులకు ఆమె చెప్పే పాఠమే అది. విడిచినప్పుడు బుగ్గల పలకలు ఊడతాయి. ఊడి ఉంటే విడిచిన పెంకు, ఊడకుండా నిండుగా ఉంటే శవం. ఆ లెక్కనే ధనరాజు కొండల్లో ఊడినవన్నీ పక్కన పడేసి, నిండుగా ఉన్నవే ఏరి పంపేవాడు. ఊడిన పలకలు నిశ్చలమైన నీటిలో తిరిగి వాటి చోటనే కూర్చుంటాయని ఆలుమగలిద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పైగా ఆ తెల్లటిదాన్ని రత్నం మొదట చూసిన రోజులు ఎలాంటివి? చావు తప్ప మరో ఊహ రాని రోజులు. చూసినదానికల్లా చావనే పేరు పెట్టింది.

నవ్వొచ్చింది ఆమెకు. అన్ని రాళ్ళలోనూ తను చావనుకుని ఏడ్చింది, అవన్నీ బతికి వెళ్ళిపోయాయి. "ఏమండీ!" అంటూ రెండో బల్ల వైపు తిరిగింది. ఖాళీ కుర్చీ కనబడ్డాక నవ్వు ఆగి ఏడుపు వచ్చింది. దుఃఖం పంచుకోవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు. ఇలాంటి సంతోషం అర్థం చేసుకునే మనిషి లోకంలో ఒక్కడే, ఆ మనిషి లేడు.

ఏడుపు కాస్త సర్దుకున్నాకే అసలు సంగతి తట్టింది. వేటజీవి లేనే లేకపోతే ధనరాజియా కూడా లేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గుమ్మంలోకే వాసన. పోలమ్మ మళ్ళీ అపార్టుమెంటు డాబా మీద నెత్తళ్ళ చేపలు ఎండబెట్టిందన్నమాట. మూడో అంతస్తు ఆవిడతో గొడవపడి, గెలిచి, తృప్తిగా కూర్చుని ఉంది.

"ఆవిడికి నానొకటే మాట సెప్పినాను. మా ఓడి పేరు సముద్రంలో జంతువుకెట్టినారు, మీ ఓడి పేరు దేనికెట్టినారమ్మా అన్నాను. నోరెత్తనేదు" అంది. కోడలి ముఖం చూసి, "ఏటే అలాగున్నావు? తిన్నావా?" అంది.

"తిన్నానత్తా" అంది రత్నం. తినలేదు.

రోజులు గడిచాయి. తన ఒక్కదాని కళ్ళలో మాత్రమే ఉన్న సంగతి అది. రాయి చెప్పదు, యంత్రం చెప్పదు. తను నోరు మూసుకుంటే ధనరాజు పేరు పిల్లల పుస్తకాల్లో ఉంటుంది, పోలమ్మ ఆదివారాలు పోలమ్మకు ఉంటాయి. ఉల్లిపాయలు తరుగుతున్నప్పుడు, బస్సులో కూర్చున్నప్పుడు ఆ గంటు కళ్ళ ముందుకు వచ్చేది. అత్త ఏదో చెబుతూ ఉంటే ఊఁ కొడుతూ, ఒకే ఇంట్లో ఉండి ఆవిడకు దూరమైపోతున్నట్టు అనిపించేది. చివరకు ఉండబట్టలేక తమ సంస్థ డైరెక్టరు భానోజీరావుగారి గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన ధనరాజుకు గురువు, చెడ్డవాడు కాదు. విన్నాక కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"మీరొక్కరే చూశారు కదా రత్నంగారూ?"

"ఒక్కదాన్నే చూడగలనండి. యంత్రమే అలాంటిది."

"అయితే తొందరేముంది? ఇది తప్పని ఇంకెవరికీ తెలీదు. దీనివల్ల ఎవరూ పాడైపోవడం లేదు."

"లేనిదానికి ఆయన పేరు పెట్టాను సార్. ఒక్క కొలత కూడా అంచనాగా రాసి ఎరగని మనిషి. ఆయన పేరు ఇప్పుడు నా పొరపాటు మీద నిలబడి ఉంది."

భానోజీరావుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "నేను మీ గురించి చెప్పట్లేదమ్మా. పోలమ్మగారి గురించి. ఆవిడకి మిగిలింది ఆ పేరొక్కటే. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆగండి. తర్వాత మీ ఇష్టం."

ఆ మాట దయతో అన్నదే. రత్నానికి కూడా ఒక నిమిషం హాయిగానే అనిపించింది. మెట్లు దిగుతుండగా దాని అర్థం ఒంటికి తగిలింది. నిజం చెప్పడానికి తను ఇప్పట్నుంచి అత్త చావుకోసం ఎదురుచూడాలి. ఆవిడ దగ్గినప్పుడల్లా, మోకాళ్ళు పట్టుకుని లేచినప్పుడల్లా, మనసు ఓ మూల లెక్కవేస్తుంది. తనకంటూ లోకంలో మిగిలిన ఒక్క మనిషి. ఆవిడతో అలా బతకడం తనవల్ల కాదనుకుంది.

మళ్ళీ మెట్లెక్కి భానోజీరావుగారి గుమ్మంలో నిలబడి, "ముందు మా అత్తకు చెబుతానండి. ఆ తర్వాత లోకానికి" అనేసి వచ్చింది.

ఆదివారం మ్యూజియంలో జనం పలుచగా ఉన్నారు. కాపలా మనిషి కుర్చీ వేశాడు. పోలమ్మ కూర్చోకుండా ముందు బొమ్మ చుట్టూ తిరిగి, కొంగుతో దుమ్ము దులిపి, పువ్వు పెట్టి, డబ్బీ తీసి బొట్టు పెట్టింది. "ఎండకి రంగు పోతంది, సెప్పవే ఈళ్ళకి" అంది.

"అత్తా, కూర్చో. నీకో మాట చెప్పాలి."

పోలమ్మ కూర్చుంది. రత్నం ఆవిడ మోకాళ్ళ దగ్గర నేలమీదే చతికిలబడి, ఆవిడకు అర్థమయ్యే మాటల్లో చెప్పింది. ఇన్నాళ్ళూ తినేసి పోయే జంతువు అనుకున్నది అసలు లేదని. అది ఆ పురుగేనని. పాత ఒళ్ళు బిగువై, విడిచేసి వెళ్ళిపోయిందని. పెంకు మాత్రం అక్కడే ఉండి, దాని కన్ను చూస్తూ ఉండిపోయిందని. తను పొరబడి దానికి ధనరాజు పేరు పెట్టిందని.

"అయితే ఈ పేరు తీసేస్తారా?"

"తీసేస్తారు."

"ఇంకోదానికెడతారా ఈ పేరు?"

"లేదత్తా. ఒకసారి పెట్టి తీసేసిన పేరు ఇంక దేనికీ పెట్టరు. అది అక్కడితో ఆగిపోతుంది. పాత పుస్తకాల్లో ఉంటుంది, అంతే."

పోలమ్మ బొమ్మవైపు చూస్తూ కూర్చుంది. ఆవిడ తిడుతుందనుకుంది రత్నం, తిడితే బాగుండుననీ అనుకుంది. ఆవిడ తిట్టలేదు. మెల్లగా అడిగింది.

"అమ్మా, అది ఎల్లిపోయినప్పుడు... ఎనక్కి తిరిగి సూసిందేటి?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగినది లోకంలో ఒక్క రత్నమే. ఏం చెప్పినా కాదనేవాళ్ళు లేరు. చూసిందత్తా, ఒక్కసారి ఆగి చూసింది అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట గొంతుదాకా వచ్చింది. ఆ పచ్చటి వెలుగులో నడిచి వెళ్ళిపోతున్న గంటుగాడు కళ్ళ ముందు మెదిలాడు.

"లేదత్తా" అంది. "చూడలేదు."

పోలమ్మ తల ఊపింది. "అవునులే. తోవ కనబడితే ఎందుకు సూస్తాది" అంది. మళ్ళీ తనే, "పెంకైనా సూసింది. అది ఎల్లడం ఎవులో ఒకలు సూసినారు" అంది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారిపోయాయి. రత్నం ఆవిడ మోకాళ్ళ మీద తల ఆనించింది. ధనరాజు పోయాక వాళ్ళిద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత పోలమ్మ లేచింది. బొమ్మ దగ్గరికి వెళ్ళి పువ్వు తీసేసింది. కొంగు కొసను నోట్లో తడిపి, పసిపిల్లాడి ముఖం తుడిచినట్టు, ఆ తెల్లటి నుదుటిమీద బొట్టు చారిక లేకుండా తుడిచింది. కింద ఉన్న పేరుమీద ఒకసారి వేళ్ళు ఆనించి వెనక్కి వచ్చేసింది.

బయట ఎండ తగ్గింది. రోడ్డుకు అవతల సముద్రం తన పాటికి తాను ఉంది. ఇద్దరూ బస్సు స్టాపు దాకా నడిచారు. పోలమ్మ చేతిలోని పువ్వును ఎక్కడా పారెయ్యలేక పట్టుకునే ఉంది.

"రత్నం."

"ఊఁ."

"ఇంక ఆదోరాలు ఎక్కడికెల్దుమే మనం?"

రత్నం అత్త చేతిలో పువ్వు తీసుకుని తన సంచిలో వేసుకుంది. బస్సు వచ్చాక ఆవిడ చెయ్యి పట్టి ముందు ఎక్కించి, తను వెనక ఎక్కింది.